వానను నమ్ముకున్న ఆకు

జూన్ 10, మృగశిర కార్తె

చిన్నోడు పోకెమాన్ సఫైర్ ఆటలో ఈ రోజు లోటాడ్‌ని పట్టుకున్నాడు. 102వ నంబరు దారి పక్క గడ్డిలో దొరికిందట. నీలం ఒళ్ళు, పసుపు ముక్కు, కింద పొట్టి కాళ్ళు ఆరు, నెత్తిమీద ఒళ్ళంత వెడల్పు పచ్చటి ఆకు. పొడవు అర మీటరు, బరువు 2.6 కిలోలు. జంతువు కదా అంటే కదులుతుంది, మొక్క కదా అంటే ఆకు ఉంది.

"చిన్నమ్మా, నువ్వు సైన్సు టీచరు గదా, ఇది చెట్టా జంతువా సెప్పు" అన్నాడు. రెండూ అనే రాసుకున్నారు ఆట చేసినవాళ్ళు. నీరు ఒక జాతి, గడ్డి ఒక జాతి, ఈ జీవికి రెండూ.

ఆ ఆటపెట్టె నింటెండో డీఎస్ లైట్. బావ బెంగళూరులో కాపలా ఉండే అపార్ట్‌మెంటులో ఒక పిల్లవాడు పెద్దవాడై ఇచ్చేశాడు. దాని అడుగున ఉన్న గాడిలో పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్ కూడా పడుతుంది. సఫైర్ జపానులో 2002 నవంబరులో వచ్చింది, చిన్నోడు పుట్టడానికి చాలా ముందు. బోర్లు ఎండి అక్కా బావా బెంగళూరు పోయాక వాడి చదువు నా దగ్గరే. సాయంత్రం లెక్కలు అయ్యాక ఒక గంట ఆట. ఆ గంటలో నేనూ పక్కన కూచుంటున్నాను.

ఆటలో ప్రతి జీవికీ ఒక పరిచయం ఉంటుంది. పోకెడెక్స్ అంటారు. ఈ వరస ఆటలన్నిటిలో కలిపి లోటాడ్ గురించి ఇలా ఉంది: ఒకప్పుడు నేలమీద బతికేదట. నెత్తిమీద ఆకు పెరిగి పెరిగి మోయలేని బరువైతే నీళ్ళలోకి తిరిగి పోయిందట. అప్పటినుంచి చెరువుల్లో తేలుతూ ఉంటుంది. ఈత రాని చిన్న జీవుల్ని ఆకుమీద ఎక్కించుకుని దాటిస్తుంది. ఆకు వాడితే నీరసిస్తుంది. ఎప్పుడో అరుదుగా మంచినీళ్ళు వెతుక్కుంటూ నేలమీద నడుస్తుంది.

చివరి మాట చదివాక ఇంకేమీ చదవబుద్ధి కాలేదు. నీళ్ళు వెతుక్కుంటూ నడవడం రాప్తాడు మండలంలో ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు.


జూన్ 14

లోటాడ్ గుణాలు ఈ రోజు పూర్తిగా అర్థమయ్యాయి. బాగా ఆలోచించి చేశారు.

ఈ ఆటలో ప్రతి లోటాడ్‌కూ పుట్టుకతో రెండు గుణాల్లో ఒకటి వస్తుంది. మొదటిది రెయిన్ డిష్. పోరు జరుగుతున్నప్పుడు వాన పడుతుంటే, ఒక్కో వంతు ముగిసేసరికి దాని మొత్తం ప్రాణంలో పదహారో వంతు తిరిగి వస్తుంది. 80 ప్రాణమున్న జీవికి ప్రతి వంతుకూ 5. ఏమీ చేయనక్కర్లేదు, వానలో నిలబడితే చాలు. రెండోది స్విఫ్ట్ స్విమ్. వాన పడుతున్నంతసేపు వేగం రెట్టింపు. మామూలుగా నిదానంగా కదిలేది, వానలో ఎదుటివాడికంటే ముందు దెబ్బ కొడుతుంది. మూడో గుణం, కళ్ళు తిరగకుండా తన నడకలో తానుండడం, చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన ఆటల్లో చేర్చారు.

వానలో నీటి దెబ్బలన్నీ ఒకటిన్నర రెట్లవుతాయి, నిప్పు దెబ్బలు సగమవుతాయి. అంటే చినుకు పడితే ఈ జీవికి నాలుగు వైపులనుంచీ మేలు. పడకపోతే? ఆ రెండు గుణాలూ ఉన్నా లేనట్టే. దెబ్బకు దెబ్బ తింటూ మామూలు ప్రాణిలా పోరాడాలి.

దాని బలం ఒంట్లో లేదు, ఆకాశంలో ఉంది. అంత బలహీనమైన జీవిని ఎందుకు పెంచుతున్నావురా అని అడిగితే, "వానొస్తే సూడు చిన్నమ్మా, దీని ముందర ఏదీ నిలబడదు" అన్నాడు. నాయన పంచలో కూచుని వింటున్నాడు. "మన సెనక్కాయ మాట గూడా అదే గదా" అన్నాడు.


జూన్ 25, ఆరుద్ర

అనంతపురం పాతూరు వెళ్ళినప్పుడు పూజాసామగ్రి అంగట్లో తామర గింజలు కొన్నాను. జపమాలలకు అమ్ముతారు. దండగా గుచ్చనివి, రంధ్రం పెట్టనివి ఏరుకున్నాను. లోటాడ్ నెత్తిమీది ఆకుకు మూలం ఏమిటో చిన్నోడి కళ్ళతో చూపించాలని.

గింజ నల్లగా, గోళీకాయంత గట్టిగా ఉంటుంది. ఒక కొనన చిన్న ముక్కు, రెండో కొనన సన్న గుంట. అలాగే నీళ్ళలో వేస్తే నెలలు గడిచినా ఏమీ కాదు, ఆ పెంకు లోపలికి నీటిని రానివ్వదు. గుంట ఉన్న వైపు గరుకు బండమీద అరగదీయాలి. చిన్నోడే అరగదీశాడు. ముందు నల్లపొడి రాలింది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత మీగడరంగు కనబడింది. అక్కడ ఆపమన్నాను. ఇంకా రుద్దితే లోపలి పప్పు దెబ్బ తింటుంది.

ఒక గింజను రెండుగా పగలగొట్టి చూపించాను. పప్పుల నడుమ మొలక మడతపెట్టుకుని ఉంది, నిండు ఆకుపచ్చగా. వెలుతురు సోకని నల్లపెంకు లోపల అంత పచ్చదనం ఎలా వచ్చిందని వాడి ప్రశ్న. చాలా మొక్కల గింజల్లో మొలక తెల్లగా, పాలిపోయి ఉంటుంది, తామర మొలక మాత్రం ముందే పచ్చదనంతో సిద్ధమై ఉంటుందని చెప్పాను. చైనాలో దొరికిన పాత గింజల సంగతి కూడా చెప్పబోయాను గానీ వాడు అప్పటికే గ్లాసు కోసం లోపలికి పరిగెత్తాడు.


జూలై 3

మొలకెత్తింది. గ్లాసులో నీళ్ళు రోజూ మార్చాం. గింజ ఉబ్బి పెంకు చీలి, పచ్చటి కాడ వంగుకుంటూ బయటికొచ్చింది. రెండు కాడలు. రెండిటి కొసనా చుట్టుకున్న ఆకు.

వాటిని పెరట్లోని సిమెంటు తొట్టిలోకి మార్చాం. అడుగున చెరువు మట్టి, మీద జానెడు నీళ్ళు.


జూలై 12, పునర్వసు

గాలి. తలుపులు నిలవడం లేదు. ఆషాఢం గాలికి మబ్బులు తూర్పుకి పరుగెత్తుతున్నాయి తప్ప ఇక్కడ ఆగడం లేదు. రామగిరి కొండలమీద గాలిమరలు తిరగడానికి ఈ గాలే ఆధారం, మా దుక్కుల్లో పదును ఆరిపోవడానికీ ఈ గాలే కారణం.

నైరుతి వాన పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోయి, మిగిలిన తడి ఇక్కడికి చేరుతుంది. ఈశాన్య వాన కోస్తాలో కురిసి, లోపలికి వచ్చేసరికి చాలించుకుంటుంది. రెండు వానల నడుమ దేనికీ చెందకుండా ఉన్న నేల ఇది. ఏడాది మొత్తం కలిపినా మామూలు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పోకెమాన్‌లో ఈ కథ జరిగే హోయెన్ ప్రాంతాన్ని జపానులోని క్యూషూ దీవి నమూనాగా తీర్చారు. ఆ దీవి దక్షిణాన ఉన్న కగోషిమాలో ఏడాదికి దాదాపు 2,400 మిల్లీమీటర్లు పడుతుంది. అంత వాన ఎరిగినవాళ్ళే వానను నమ్ముకున్న జీవిని ఊహించగలరేమో.

కానీ వాళ్ళు ఎడారినీ మరిచిపోలేదు. 111వ దారిలో ఇసుక ఎగురుతుంటుంది. కళ్ళద్దాలు లేకుండా ఆ ఎడారిలో అడుగు పెట్టనివ్వరు. ఇసుక తుఫానులో రాయి, నేల, ఉక్కు జాతులకు తప్ప అన్నిటికీ ప్రతి వంతుకూ ప్రాణంలో పదహారో వంతు తగ్గుతుంది. చిన్నోడు లోటాడ్‌తో అక్కడికెళ్ళి తిప్పలు పడ్డాడు. వాన ఇచ్చేది పదహారో వంతు, ఇసుకగాలి లాక్కునేది పదహారో వంతు. ఒకే కొలతతో ఇచ్చి ఒకే కొలతతో తీసుకుంటుంది ఆకాశం. ఆ లెక్క పెట్టినవాడికి నా నమస్కారం.


జూలై 29, పుష్యమి

నిన్న రాత్రి ఒక పదును పడింది. తెల్లారి నాయన సెనక్కాయ విత్తించాడు. కదిరి లేపాక్షి రకం. ఆలస్యమే అయినా విత్తడం కుదిరింది, ఈ ఏటికి అదే పెద్ద మాట.

చిన్నోడు నాకు ఈ రోజు జాతుల పట్టిక నేర్పాడు. మామూలుగా నీటి జాతికి మెరుపు గండం. గడ్డి జాతికి నిప్పు గండం, మంచు గండం. ఒకే ఒంట్లో రెండూ ఉంటే ఒకదాని గండాన్ని ఇంకోటి కాస్తుంది. ఒంట్లో నీరుంది కాబట్టి నిప్పు ఎక్కువగా కాల్చలేదు, మొక్క కాబట్టి మెరుపు ఎక్కువగా కొట్టలేదు. నీటి దెబ్బ అయితే నాలుగో వంతే తగులుతుంది. చివరికి మిగిలే గండాలు మూడు: విషం, పురుగు, రెక్కలున్నవి.

ఇది విని నాయన పెద్దగా నవ్వాడు. ఆయన అరవై ఏళ్ళుగా పోరాడుతున్నది వాటితోనే. ఎర్రగొంగళి, ఆకుముడత పురుగు, గింజ నాటగానే గుంపులుగా దిగే పక్షులు. విషం సంగతి మందులు కొట్టే వాళ్ళందరికీ తెలుసు. ఆ ఆటలోవాళ్ళు పైరు పెట్టి ఉంటారబ్బీ అన్నాడు చిన్నోడితో.

ఇలా నీరూ గడ్డీ కలిసిన జీవి ఆ ఆటల్లో చాలాకాలం ఇదొక్క కుటుంబమే. లోటాడ్, అది ఎదిగిన లాంబ్రే, ఆ పైన లుడికోలో. 2002లో వచ్చాయి. ఇంకొక జీవి ఆ జంట జాతితో రావడానికి 2023 దాకా పట్టింది, ఓగర్‌పాన్ ఊటబావి ముసుగు వేసుకున్నప్పుడు.


ఆగస్టు 9, ఆశ్లేష

విత్తినప్పటి నుంచి చినుకు లేదు. మొలకలు మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయి.

చిన్నోడి లోటాడ్ 30వ స్థాయికి వచ్చింది. నిజానికి 14వ స్థాయిలోనే అది లాంబ్రేగా ఎదగాలి. ఎదిగే క్షణంలో మీట నొక్కి ఆపవచ్చు. వాడు ప్రతిసారీ ఆపుతూ వచ్చాడు. ఎందుకంటే ఈ ఆటలో లోటాడ్‌గా ఉంటేనే 31వ స్థాయిలో రెయిన్ డాన్స్, అంటే వానను పిలిచే నాట్యం, తనంత తాను నేర్చుకుంటుంది. తొందరపడి లాంబ్రేని చేస్తే స్థాయి పెరిగినా ఆ విద్య రాదు. వేరే యంత్రం ద్వారా నేర్పాల్సిందే. ఎదుగుదల మానుకుని వాన విద్య కోసం కాచుకోవడం! వాడి ఓర్పు చూసి నాకు గర్వంగా ఉంది.

నాట్యం చేస్తే అయిదు వంతులు వాన పడుతుంది. అంతే. అయిదు అయ్యాక ఆగిపోతుంది. తర్వాత వచ్చిన ఆటల్లో తడిరాయి అనే వస్తువు చేతిలో ఉంటే ఎనిమిది వంతులు. కయోగర్ అనే మహాజీవి రంగంలోకి దిగితే మాత్రం పోరు ముగిసేదాకా వానే. ఆ సౌకర్యం కూడా 2013 నాటి ఎక్స్, వై ఆటలనుంచి అయిదు వంతులకు కుదించారు. ఆగని వాన ఒక్కరి చేతిలో ఉంటే మిగతా ఆట చెడుతుందని వాళ్ళు గ్రహించారు.

వానను పిలవడం మనకూ కొత్త కాదు. నా చిన్నప్పుడు రోకలికి వేపాకు కట్టి, కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు పోసేవారు. గుళ్ళలో విరాటపర్వం చదివించేవారు. బండమీద వరదపాశం పోసి నాకేవాళ్ళు. 2000 దశకంలో ప్రభుత్వం మేఘమథనం అని విమానాలతో మబ్బుల్లో రసాయనం చల్లించింది. కప్పకు కడవెడు నీళ్ళు పోసిన అవ్వ తన ఇంటి నీళ్ళలోంచే పోసింది. ఆ నీళ్ళు ఆరోజు ఆమెకు ఎంత విలువైనవో తలచుకుంటే ఆ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నోరు రాదు. కప్పను కట్టడం మాత్రం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు.


ఆగస్టు 22, మఖ

తొట్టిలో తామరకు మొదటి ఆకులు నీటిమీద తేలాయి. ఇప్పుడు నీటిని వదిలి పైకి లేచిన ఆకు వచ్చింది. తామర అంతే, లేతప్పుడు తేలుతుంది, బలం వచ్చాక నిలబడుతుంది.

ఈ రోజు చిన్నోడితో కలిసి ఆ ఆకుమీద ప్రయోగం చేశాను. గాలికి ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. చెంచాతో నీళ్ళు పోస్తే ఆకు తడవలేదు. నీరు గుండ్రటి పూసలై దొర్లింది. దొర్లిన దారిలో దుమ్మునంతా తనతో తీసుకుపోయింది. పూస లోపల ఎర్రమట్టి తిరుగుతూ కనిపించింది. అది పోయిన చోట ఆకు కడిగినంత శుభ్రం. భూతద్దంతో చూస్తే ఆకు మెత్తగా, మొఖమల్‌లా ఉంది గానీ అసలు సంగతి ఆ భూతద్దానికి అందదు. ఆకు పైపొర నిండా కంటికి కనపడని బొడిపెలు, వాటిమీద మైనపు నూగు. నీటిబొట్టు ఆ మొనలమీదే నిలుస్తుంది, ఆకును తాకదు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్ట్‌లాట్, ఆయన సహచరుడు నైన్‌హూయిస్ 1997లో దీన్ని వివరంగా రాశారు. తర్వాత దుమ్ము అంటని రంగులు ఆ దారిలోనే వచ్చాయి. తామరాకుమీద నీటిబొట్టు అని మనం సంసారానికి దూరంగా ఉండేవాళ్ళ గురించి చెబుతాం. ఇక్కడ ఆ బొట్టు ఉత్త చేతులతో పోవడం లేదు, ఆకును శుభ్రం చేసి పోతోంది.

ఆకు నడుమన తెల్లటి చుక్క ఉంది. కాడలోని గాలి గొట్టాలన్నీ అక్కడ కలుస్తాయి. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టాల్లోంచి బురదలోని దుంపలదాకా దిగుతుంది. గాలి ఆడని బురదలో దుంప బతకాలంటే పైన ఆకు బతకాలి. ఆకు వాడితే లోటాడ్ నీరసిస్తుందని ఆటలో రాసింది కల్పన కాదని చిన్నోడితో అన్నాను. వాడు తలూపి, "అందుకే నెత్తిన పెట్టుకునుండాది" అన్నాడు.

చైనా సంగతి కూడా ఈ రోజు చెప్పాను. ఈశాన్య చైనాలో ఎప్పుడో ఎండిపోయిన ఒక చెరువు అడుగు మట్టిలో పాత తామర గింజలు దొరికాయి. వాటిలో ఒకటి దాదాపు 1,300 ఏళ్ళ నాటిది. పెంకు అరగదీసి నీళ్ళలో పెడితే మొలిచింది. జేన్ షెన్-మిల్లర్ అనే శాస్త్రవేత్త 1995లో ప్రకటించారు. అంటే చెరువు ఎండింది గానీ చెరువు చావలేదు. మట్టిలో దాని విత్తనం మిగిలే ఉంది.


సెప్టెంబరు 6, పుబ్బ

పక్కింటి వాళ్ళ అబ్బాయి దగ్గర రూబీ క్యాసెట్ ఉంది. ఎవరి ఆట గొప్పదని ఇద్దరూ ఈ రోజు మా పంచలో వాదులాడుకున్నారు.

రూబీలో లోటాడ్ అడవిలో దొరకదు, సఫైర్‌లోనే దొరుకుతుంది. రూబీ మహాజీవి గ్రౌడాన్. అది వస్తే ఎండ కాస్తుంది. దాని గుణం పేరే డ్రౌట్, కరువు. భూమిని పెంచాలనే మాగ్మా దళం దాన్ని నిద్ర లేపుతుంది. సఫైర్‌లో సముద్రాన్ని పెంచాలనే ఆక్వా దళం కయోగర్‌ని లేపుతుంది. ఒకచోట ఎండ ఆగదు, ఇంకొకచోట వాన ఆగదు. రెండు దళాలకూ తమ దారే లోకానికి మేలని గట్టి నమ్మకం. చివరికి రెండూ తప్పేనని తేలుతుంది.

కరువు అనే మాటను ఒక ఆటలో ఒక జీవి గుణంగా చూసి నాకు ఒళ్ళు జలదరించింది. మా ఊళ్ళో కరువు ఎప్పుడూ ఎవరి గుణమూ కాదు, కాలం అంటారు. కాలం కాలేదు అంటారు. ఆ మాటలో ఎవరిమీదా నేరం లేదు. నేరం ఉండాల్సిన చోటా లేదు. వంకలో ఇసుక తోడింది, చెరువు ముంపులో పునాదులు తీసింది, ఒకరి బోరు పక్కన ఇంకొకరు ఇంకా లోతు బోరు వేసింది కాలం కాదు. మనమే.

ఎండలో నిప్పు దెబ్బ ఒకటిన్నర రెట్లు, నీటి దెబ్బ సగం. గ్రౌడాన్ ఎదుట లోటాడ్ నిలబడలేదు. వాదంలో చిన్నోడు ఓడిపోయాడు. కానీ ఏడవలేదు.


సెప్టెంబరు 21, ఉత్తర

ఆదివారం అందరం బుక్కరాయసముద్రం వెళ్ళాం. చెరువులో నీళ్ళున్నాయి. ఒడ్డున నాచు, కలువలు, నీటి కోళ్ళు. చిన్నోడు కట్టమీద కూచుని ఒక్క మాట మాట్లాడకుండా చాలాసేపు చూశాడు.

బుక్కరాయల కాలంలో, 1364లో, పండమేరు వంకకు అడ్డంగా కట్ట వేయించాడు ఆయన మంత్రి చిక్కవడియారు. ఈ కొసన బుక్కరాయసముద్రం, ఆ కొసన అనంతసాగరం. రెండోదే ఇప్పటి అనంతపురం. అంటే జిల్లా కేంద్రం పుట్టింది ఒక చెరువు కట్ట చివర. మా పండమేరు నీరే ఆ పట్నానికి పునాది.

ముసలమ్మ కథ చెప్పమన్నాడు. కట్ట తెగబోతే బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలోకి దిగి ప్రాణమిచ్చిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం దానిమీదే. చెప్పాను. కానీ పిల్లలకు ఆ కథ ఒక్కటే చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. ఆరున్నర శతాబ్దాలు ఆ కట్ట నిలబడింది ఒక్క రాత్రి త్యాగంతో కాదు. ఏటేటా తూము తీసి, పూడిక ఎత్తి, కట్టమీద పొదలు కొట్టి, మరవ రాళ్ళు సర్దిన నీరుకట్టు మనుషుల పేర్లు ఏ కావ్యంలోనూ లేవు. వాళ్ళ గురించీ చెప్పాను.

తిరుగు దారిలో లాంబ్రే సంగతి. జపాను పల్లెకథల్లో కప్పా అనే నీటి పిల్లదెయ్యం ఉంది. దాని నడినెత్తిన చిన్న గుంట, గుంటలో నీళ్ళు. ఆ నీళ్ళు ఒలికిపోతే దాని శక్తి పోతుంది. లాంబ్రే రూపానికి ఆ కప్పాయే మూలమని తెలిసినవాళ్ళంటారు. చూస్తే అలాగే అనిపిస్తుంది. లాంబ్రే రాత్రిపూట తిరుగుతుంది, గాలం వేసేవాళ్ళ దారాన్ని నీటి అడుగునుంచి లాగి ఆటపట్టిస్తుంది, చూసినవాళ్ళు తరచూ మనిషి పిల్ల అనుకుంటారు. నెత్తిన నీళ్ళు మోసే జీవి! బిందె మీద బిందె పెట్టుకుని వచ్చే మా ఊరి ఆడపిల్లలకు ఆ బొమ్మ చూపిస్తే ఎవరికీ వింతగా అనిపించదు.


అక్టోబరు 13, చిత్త

మూడు రోజులుగా వాన.

సెనక్కాయకు ఇది ఆలస్యపు వాన. కొంత కాయ నిలుస్తుంది, అంతకంటే ఆశ లేదు. కందికి, ఉలవకు మాత్రం మంచిది. జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎక్కువగా కురుస్తుంది. ముంగారి మీద పెట్టుకున్న సేద్యానికి ఆ లెక్క ఎప్పుడూ అనుకూలించదు.

నాకు లోపల భయం కూడా ఉంది. 2024 అక్టోబరులో ఒక రాత్రి కురిసిన వానకు ఎగువన కనగానపల్లి చెరువు తెగి, పండమేరు పొంగి, అనంతపురం శివారు కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. తెల్లారేసరికి ఇళ్ళలో బియ్యం, పుస్తకాలు, కుట్టుమిషన్లు అన్నీ బురద. ఏడాదంతా నీళ్ళ కోసం చూసే చోట నీళ్ళు మనుషుల్ని ముంచాయి. వంకకు దాని వెడల్పు దానికి వదిలి ఉంటే అంత నష్టం జరిగేది కాదు.

చిన్నోడి లాంబ్రే ఈ రోజు లుడికోలో అయింది. దానికి స్థాయి చాలదు, నీటిరాయి కావాలి. 124వ దారిలో, సముద్రం నడుమ ఇంట్లో, నిధులు వెతికే ఒకాయన ఉంటాడు. నీటి అడుగుకు దిగి నీలిముక్క తెచ్చి ఇస్తే నీటిరాయి ఇస్తాడు. వాడు అదే పనిగా దిగి తెచ్చాడు. ఒకటిన్నర మీటరు ఎత్తు, 55 కిలోలు, నెత్తిన పెద్ద టోపీ లాంటి ఆకు. పండగ పాట వినబడితే దాని ఒంట్లో కణకణానికీ బలం పుడుతుందట. బయట వాన, పంచలో ఆ ఆటపెట్టె పాట, వాడు లేచి గంతులు. నాయన కూడా చేయి ఊపాడు.


అక్టోబరు 27, స్వాతి

వాన వెలిశాక వీధి వెనక కుంటకు వెళ్ళాం. ఆరేళ్ళుగా ఎండి ఉన్నదే. మోకాలి లోతు నీళ్ళు చేరాయి. ఒడ్డున నాలుగేసి ఆకుల నీటి మొక్కలు అప్పుడే లేచి తేలుతున్నాయి. ఎవరూ నాటలేదు. ఇన్నేళ్ళూ పగిలిన మట్టిలో కాచుకుని ఉన్నవే.

రెండో ఒడ్డున ట్రాక్టర్ల జాడలు. ఎవరో ఎర్రమట్టి తోలి కుంటను చదును చేస్తున్నారు. హైవే దగ్గర కదా, ప్లాట్లకు ధర ఉంది. వంకనుంచి కుంటకు వచ్చే కాలువ నోరు ఇప్పటికే సగం మూశారు.

ఈ ఆట గురించి నాకు కలిగిన అభిప్రాయం ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ జీవిని చేసినవాళ్ళు దానికి వానను ఆపుకునే శక్తి ఇవ్వలేదు, వానను వాడుకునే శక్తి ఇచ్చారు. అయిదు వంతులే పడుతుందని తెలిసీ ఆ అయిదింటినీ వృథా పోనివ్వని ఒళ్ళు ఇచ్చారు. కుంట, చెరువు, వంక ఈ నేలకు ఆ ఒళ్ళు. దాన్ని మట్టితో పూడ్చాక ఎంత వాన పడి ఏం లాభం?

గ్రామసభలో ఇవ్వడానికి అర్జీ రాశాను. చిన్నోడు చక్కటి దస్తూరితో ఎత్తి రాస్తున్నాడు. నకలు ఇక్కడ ఉంచుతున్నాను:

"వీధి వెనక కుంటలో మట్టి పోయడం వెంటనే ఆపించండి. ఇప్పటికే పోసిన మట్టిని తీయించండి. వంకనుంచి కుంటకు వచ్చే కాలువను ఉపాధి హామీ పనుల్లో చేర్చి, వచ్చే మృగశిరకు ముందే పూడిక తీయించండి. కుంట హద్దులు కొలిపించి రాళ్ళు నాటించండి. సంతకం చేయడానికి మేమంతా సిద్ధంగా ఉన్నాం. పనికి కూడా వస్తాం."